గాజుపూస మీద గీత

సంగమ్మకు, బీదర్ నుంచి మొగులప్ప. నేను బాగున్నాను. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే కార్డు.

పెళ్లైన ఏడు నేను తెచ్చిన నీ ఎర్ర అకీక్ రాళ్ల దండ తెగింది కదా, గుచ్చమని దండలు అల్లే పట్వా దగ్గరికి తీసుకుపోయాను.

"ఇది గాజు కాకా" అన్నాడు.

"నలభై ఏండ్ల సంది మా ఇంట్ల ఉన్నది, నాకే చెప్తవా?" అని కోపం చేశాను. అతను అసలు అకీక్‌తో ఒక పూసను గీశాడు. గీత పడింది. రాయి అయితే పడదట. ఇంకో పూస తిప్పి, "దీన్ని ఎన్నడో ఎవరో గీసి చూసిండ్రు, గీతల మురికి సుత చేరింది" అన్నాడు.

నువ్వు తప్ప ఆ దండను ముట్టింది ఎవరు? తెలిసి కూడా ప్రతి పెళ్లికీ వేసుకున్నావు. నేను గొప్పలు చెప్తుంటే పక్కన తల ఊపావు.

ఇప్పుడు అసలుది కొన్నాను. చెంపకు ఆనిస్తే చల్లగా ఉంది, వెలుగుకు పడితే లోపల చారలున్నాయి, తడిగుడ్డకు రంగు అంటలేదు.

కూతురి దగ్గరికి పోతూ జొన్నపిండి డబ్బా ఎక్కడ పెట్టావు? బాలింత జగదేవిని చన్నీళ్లు ముట్టనియ్యకు. పసిదానికి నా దీవెన.

గీత ఉన్న పాత పూసను కొత్త దండ నడుమ గుచ్చించాను. తీయమని అనకు.