ఆఖరి పేజీదాకా ఎవరూ చావలేదు

బుధవారం, రాత్రి

ఇవాళ నవ్వలేక చచ్చాను. బెల్లం వ్యాపారి అప్పలరాజుగారు మా అద్దె పుస్తకాల షాపుకి వస్తూనే, నేనిచ్చిన నవల బల్లమీద పెట్టారు.

"ఏటమ్మా, మంచి థ్రిల్లర్ అన్నావు! సెలవలకి ఊటీ ఎల్లేరు, వానలో తడిసేరు, పెళ్లి సేసుకున్నారు. హత్య ఎప్పుడవుద్దా అని ఆకరి పేజీదాకా సూసేను. ఒక్కడూ సావలేదు!"

తెరిచి చూస్తే తప్పు నాదే. కొత్తగా వచ్చిన రెండు నవలలకీ క్యాలెండర్ కాగితంతో అట్టలేసి, పైన పేర్లు తారుమారుగా రాసేశాను.

ఏదో సర్దిచెప్పబోతుంటే ఆయనే గొంతు తగ్గించి, "ఇలాటిదే ఇంకోటుంటే ఇయ్యమ్మా. రోజూ మా ఇంటిదానికి సదివి ఇనిపిత్తన్నాను," అన్నారు. ఆ మీసాల కింద సిగ్గు చూడాలి! ఉన్నవాటిలో మంచి ప్రేమకథ వెతికి ఇచ్చాను.

భోంచేస్తుంటే గుర్తొచ్చింది. పైన ప్రేమకథ పేరు రాసిన రెండో నవల, "సరదాగా ఉంటుంది, చదువుకో" అని కొత్త పెళ్లికూతురు సుజాతకి ఇచ్చాను. మొగుడితో అరకు వెళ్లింది. అందులోనేమో హనీమూన్‌కి తీసుకెళ్లిన మొగుడే పెళ్లానికి కాఫీలో విషం కలుపుతాడు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. రేపు పొద్దున్నే ఆ అబ్బాయి, పాపం, ప్రేమగా కాఫీ తెచ్చిస్తే...