పెళ్లి సూటు

ఫెర్మిన్ అన్నయ్యకు,

శనివారం పెళ్లికి మా అమ్మాయి అంపారోను చర్చిలోకి చేయిపట్టుకుని నువ్వే నడిపించాలి. తండ్రి ఉండగా మేనమామ ఎందుకని అడగకు. లిఫ్ట్ ఉంటుందని నమ్మి ఐదో అంతస్తులో ఇల్లు కొన్నాం. మూడేళ్లయినా లిఫ్ట్ చోట చెక్కలు అడ్డం కొట్టిన గుంతే ఉంది. "ముందు చేరిపోండమ్మా, నెలలో పెట్టేస్తాం" అన్న బిల్డర్ ఇప్పుడు ఫోనే ఎత్తడు. ఇంట్లో చేరిన రోజు నలుగురు చక్రాల కుర్చీతో సహా మోసుకొచ్చిన మీ బావ మళ్లీ కిందికి దిగలేదు.

పెళ్లికొడుకు స్నేహితులు మోసుకెళ్తామంటే, "నేనేమన్నా బంగాళాదుంపల బస్తానా? దిగితే శవపేటికలోనే దిగుతా" అని అరిచారు.

నిన్న తన సూటు ఇస్త్రీ చేయమన్నారు. మనసు మారిందని సంబరపడి చేశాను. నీకు పంపమన్నారు. ఈ ఉత్తరంతోపాటే వస్తుంది. అదే వేసుకుని రా అన్నయ్యా.

నీ చెల్లెలు