తాత ఫోటోకు కాగితం

తాతా,

ఆదివారం నీ సంవత్సరీకం. గోడకు పెట్టే నీ నలుపు తెలుపు ఫోటోను అచ్చు వేయించడానికి కాగితం ఎంచే పని నాకు అప్పగించారు. నిన్ను అడగకుండా తేల్చుకోలేక రాస్తున్నాను.

ఫాక్‌లాండ్ రోడ్డులోని ప్రింటింగ్ దుకాణంలో నీ ఫోటోనే రెండు రకాల మందపాటి కాగితాల మీద నమూనాగా తీసి చూపించారు. ఒకటి మెరుస్తుంది, నలుపు చిక్కగా ఉంటుంది. రెండోది పత్తి గుజ్జుతో చేసిన నూలు కాగితం, మెరుపు లేదు, నలుపు కాస్త బూడిదరంగు. తాపీ పనిలో ప్లాస్టర్ చేశాక నువ్వు గోడను తడిమి చూసినట్టే, నేనూ కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరాను. మెరిసేదాని మీద నా వేలిముద్రలు పడ్డాయి.

"చెయ్యి పెడ్తవేందమ్మా, గోడనా ఇది?" అని దుకాణదారు కసిరాడు.

రెండూ ఇంటికి తెచ్చాను. మెరిసేది చూసి నానమ్మ, "సాబ్ లెక్కున్నడు" అని నవ్వింది. నూలుదాన్ని చూసి మాత్రం, "మొహమంత సున్నమే, ఇప్పుడే పనికెంచి వచ్చినట్టున్నడు" అంటూ కొంగుతో తుడవబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

నాకు నూలుదే నచ్చింది. కానీ ఫోటో అంటే నువ్వు ముఖం కడుక్కుని ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడివి. పని నుంచి వచ్చిన ముఖంతో గోడ మీద ఉండటం నీకిష్టమేనా? శుక్రవారం దుకాణంలో చెప్పాలి, ఆలోగా చెప్పు తాతా.