జడ్జి గారి జీతం గురించి మాట్లాడిన రోజు

మంగళవారం రాత్రి, అవనిగడ్డ

ఇవాళ బార్ రూములో లాయర్లందరి ముందూ నేనే లేచాను. "కోర్టులో సగం కేసుల్లో గవర్నమెంటే ఒక పార్టీ అండీ. జడ్జీల జీతం కూడా అదే తేలిస్తే ఎలా? ఎవరి చెప్పుచేతల్లోనూ లేని కమిటీ చూడాలి" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ మాటే తీర్మానంగా పెడితే నెగ్గింది.

మెట్లు దిగుతుంటే గవర్నమెంటు ప్లీడరు గారు నవ్వుతూ పక్కకొచ్చారు. "రేపు మొవ్వ రైతు కేసులో తీర్పు కదమ్మా? భలే టైము చూసి మాట్లాడావు."

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. కాలువ గట్టు కోసం ఆ రైతు పొలం తీసుకున్నది గవర్నమెంటే. ఆయన తరఫు లాయర్ని నేను.

మా జడ్జి గారు బజార్లో లాయరు కనిపిస్తే కూరల సంచితో పక్క సందులోకి తిరిగిపోయే మనిషి. మాలో ఎవరింట్లోనూ కాఫీ తాగి ఎరగరు. అలాంటాయన రేపు మమ్మల్ని గెలిపిస్తే, నా మాటకి రుణం తీర్చుకున్నారంటారు. ఆ నింద పడలేక ఓడిస్తే?

సాయంత్రం రైతు ఫోన్ చేశారు. "కేసు మనదేగా అమ్మా?"

"మనదే బాబాయ్ గారూ" అన్నాను.

జడ్జి ఎవరికీ భయపడకూడదనే కదా మాట్లాడాను. రేపు ఆయన నన్ను చూసి భయపడతారేమో.