మూడు వేళ్లు పట్టే నోరు

నాయనా,

ఇవ్వాళ నీ సంవత్సరీకం. దవడ టక్కుమంటోందని మంచి పళ్లు రెండు పీకించుకున్నావు, అయినా ఆ చప్పుడు నిన్ను వదల్లేదు. ఈ ఏడు నాకూ అదే మొదలైంది.

"నువ్వూ పీకించెయ్యవే," అన్నాడు బాబాయి. నేను వినకుండా నరసరావుపేటలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఉత్త చప్పుడైతే భయం లేదమ్మా. నొప్పి పుట్టినా, నోరు పట్టేసినా మాత్రం వెంటనే రావాల," అందామె. నోరు తెరిస్తే మూడు వేళ్లు పట్టాలంట; నాకు అప్పటికే పట్టేసి రెండు కూడా దూరడం లేదు. పన్ను జోలికి పోకుండా నెల రోజులు వేడి కాపడం, మెత్తటి తిండితోనే బాగుచేసింది.

ఇవ్వాళ బంతిలో కూర్చుని నీకు పెట్టిన గారె కరకరా నమిలాను.

"ఏందే, ఇంకా పీకించలేదా?" అన్నాడు బాబాయి.

మూడు వేళ్లు పట్టేంత నోరు తెరిచి చూపించాను. పళ్లన్నీ ఉన్నాయి నాయనా. నీవీ ఉండాల్సినవే.