గట్టున ఏ జాగా వదలాలి

లచ్చమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ రోజు బీజాపూర్ నుంచి వ్యవసాయం వాళ్లు వచ్చారు. రేపు పొద్దున మన మెట్ట చేనులో కొత్త యంత్రంతో వరి విత్తి, కలుపు మందు కొడతారు. వాళ్లలో మన భాష మాట్లాడే అమ్మాయి ఒకామె నాతో గట్టు వెంట నడిచింది.

"మందు పడితే ఆకుకూరలు గూడ చస్తయి దాదా. ఇంట్లకు ఏమేం కావాల్నో చెప్పు, ఆ జాగా ఇడిసిపెడతం."

"వడ్లు," అన్నాను.

"ఉత్త బువ్వే తింటవా? కూరకేంది మరి?" అని నవ్వింది.

వరి మధ్య నీ గోంగూర, గట్టు మీద అలసందలు గుర్తొచ్చాయి. వాటికి ఎంత చోటు కావాలో నాకు తెలియదు. విత్తనాలు దాచిన సొరకాయ బుర్రలను నన్ను ముట్టనిచ్చేదానివి కాదు. "నీ చెయ్యి తగిల్తే మొలవయి, పో" అని కసిరేదానివి.

ఎక్కడ వదలాలో చెప్పమని ఆమె మళ్లీ అడిగింది.

"ఇంట్ల అడిగి చెప్తనమ్మా," అన్నాను.

సరేనని ఆమె జీపెక్కింది. నేను అడుగుదామనే ఇంటిదాకా నడిచాను. పొద్దున నేను పెట్టిన గొలుసు తలుపుకు అలాగే ఉంది.