సుగుణ గొంతు

జూన్ 9

నిద్ర పట్టేలా లేదు. రాస్తే పడుతుందేమో.

పొద్దున సుగుణను కృష్ణానగర్‌లో నేనే ఎక్కించుకున్నాను. అప్పటికే లేటు. స్టూడియో మధ్యాహ్నం దాకే మాది, హీరోయిన్ ఏడుపు సీనుకు తన డబ్బింగ్ మిగిలే ఉంది. ఫిల్మ్‌నగర్ దిగుడులో నలభై అని బోర్డు. నా బండి ఎనభై దాటింది. బోర్డు చూశాను కూడా... రోడ్డు ఖాళీయే కదా అనుకున్నాను.

పక్క సీట్లో తను డైలాగులు పలికి చూసుకుంటోంది. బెల్టు పెట్టుకోమ్మా అంటే — "పెట్టుకుంటే పొట్టలకెళ్లి ఊపిరి రాదు సార్, ఏడుపెట్ల పలుకుతది?" డబ్బింగ్ వాళ్ల పిచ్చి. నాకూ నవ్వొచ్చింది, వదిలేశాను.

మలుపులో ఆటో. బ్రేకు. ఆటోకు తగల్లేదు. సుగుణ ముఖం వెళ్లి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. పైపళ్లు రెండు విరిగాయి. పెదవికి కుట్లు.

నాకు గీత కూడా పడలేదు. సిగ్గులేని ఒళ్లు.

జూన్ 10

ఆస్పత్రికి పోలీసాయన వచ్చాడు. "సార్ స్పీడు మీదున్నడా?" సుగుణ కుట్ల పెదవితోనే — "లేదు. ఆటో అడ్డమొచ్చింది." నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆయన వెళ్లాక సుగుణ నాతో, "ఫికర్ చేయకుండ్రి సార్."

తిట్టినా బాగుండేది.

జూన్ 14

ఫోన్‌కు చలానా వచ్చింది. అతివేగం. ఆ పూటదే. ఫొటోలో నా కారు వెనకభాగం. అద్దంలోంచి తన తల కనిపిస్తుందేమోనని పెద్దది చేసి చూశాను. లేదు.

కూర్చున్నచోటే కట్టేశాను. రసీదు కూడా వచ్చింది. ప్రభుత్వం లెక్కలో నా తప్పు తీరిపోయింది. ఒళ్లు మండిపోయింది.

జూన్ 21

డైరెక్టర్ ఫోన్. "ఇంకెన్నాళ్లండీ? రిలీజ్ డేట్ ఇచ్చేశాం. డబ్బింగ్ ఇన్‌చార్జి మీరే కదా, వేరే గొంతు చూసేయండి."

ఇన్నేళ్లుగా ఆ హీరోయిన్‌కు సుగుణే చెబుతోంది. ఇప్పుడు గొంతు మారితే పోయేది ఈ ఒక్క సినిమా కాదు, ఇకపై అన్నీ కొత్త అమ్మాయికే. సుగుణ ఇల్లు నడిచేది దీంతోనే. కాస్త ఆగండి, పూచీ నాది అన్నాను. ఏ మొహం పెట్టుకుని అన్నానో!

జూన్ 22

అన్నం సయించలేదు.

జూలై 2

కట్టుడుపళ్లతో వచ్చింది సుగుణ. "రోజూ అద్దం ముందట చదువుతున్న సార్. మంచిగనే వస్తున్నది." మైకు ముందుకెళ్లగానే ఎప్పటిలాగే కోస్తా అమ్మాయి అయిపోయింది. "నన్నెందుకు మోసం చేశావు?" — 'స' దగ్గర సన్నటి ఈల. మళ్లీ చెప్పించాను. మళ్లీ ఈల.

చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, తనకు వినిపించదా? లేక వినిపించీ...

అద్దం అవతలి నుంచి నన్నే చూస్తోంది. "ఓకేనా సార్? నిజం చెప్పుండ్రి."

ఓకే అన్నాను.

సీను మొత్తం చెప్పింది. ఆ ఏడుపు! ఇన్నేళ్లలో అలా ఏడవడం వినలేదు. ఈల మాత్రం పోలేదు.

జూలై 3

రేపు డైరెక్టర్ వింటాడు. మొదటి డైలాగుకే పట్టేస్తాడు. సుగుణేమో పని పోలేదని ఇంట్లో చెప్పేసిందట, వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి మరీ దీవించింది.

ఆస్పత్రిలో సుగుణ నా కోసం అబద్ధమాడింది. నిన్న నేను తన కోసం ఆడాననుకున్నాను. కాదు. తన ముఖం చూస్తూ ఆ మాట అనే ధైర్యం లేక, నా కోసమే ఆడాను. రెండు అబద్ధాలూ నా కోసమే.

ఇవాళ చెప్పేయాలని ఇప్పుడే ఫోన్ చేశాను. "చెప్పుండ్రి సార్" అంది. ఉత్సాహంగా ఉంది. మాట మార్చేశాను. రేపు డైరెక్టర్ వినేటప్పుడు తనూ ఉంటే మంచిదని, పొద్దున్నే వచ్చి ఎక్కించుకుంటానని అన్నాను. దారిలో చెబుదామని.



"వద్దు సార్... నేను బస్సుల వస్త."